అక్క ఒంట్లో దొరికిన ఉప్పు

మా అక్క అబద్ధమాడదు. అదేదో గొప్ప గుణమని చెప్పట్లేదు, ఆవిడకి అంత ఓపిక లేదు, అంతే. వృత్తికి దర్జీ. "ఈ రంగు మీకు నప్పదండీ, ఇంకోటి తెచ్చుకోండి" అని గుడ్డ పట్టుకొచ్చిన మనిషి మొహం మీదే అనేసే రకం. అలాంటి మనిషిని ఇంటిల్లిపాదీ కలిసి ఉప్పు దొంగని చేశారు.

జరిగింది ఇదీ. కొన్నాళ్ల కిందట అక్కకి రక్తపోటు ఎక్కువుందని డాక్టరమ్మ ఉప్పు తగ్గించమంది. తగ్గించడాలూ పెంచడాలూ మా అక్కకి రావు. తినడం, మానెయ్యడం, ఆ రెండే వచ్చు. ఆ పూట నుంచి ఉప్పు ముట్టలేదు. ఉప్పూ కారం తినేవాళ్లకే రోషం ఉంటుందంటారు గానీ, మా అక్కకి ఉప్పు మానేశాక అది రెట్టింపయింది. చప్పిడి కూర మన ముందే తిని, "ఏం, బానే ఉంది" అని మనల్నే ఎగాదిగా చూసేది.

తర్వాత మనిషి మెల్లగా మసకబారడం మొదలెట్టింది. కుట్టుమిషను మీద తల పెట్టుకుని పగటిపూటే కునుకు తీసేది. మాట ముద్దగా వచ్చేది. నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకునేది. ఒకరోజు ఒక పెద్దమనిషి కోటుకి రెండు చేతులూ ఎడమ చేతులే కత్తిరించింది. ఆయన చూసి నవ్వాడు గానీ అక్క నవ్వలేదు. ఆ రెండు గుడ్డముక్కలూ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది.

ఆస్పత్రికి తీసుకెళ్తే రక్తం తీశారు. మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయిట, క్లోరైడ్ మాత్రం ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువుంది. మా బావ ఆ కాగితం చదివి, "క్లోరైడ్ అంటే ఉప్పేగా?" అన్నాడు.

మా బావ గడియారాలు బాగుచేస్తాడు. ముల్లు చూపించినదాన్నే నమ్మే మనిషి. ఉప్పు డబ్బా తీసుకెళ్లి తన బీరువాలో పెట్టి తాళం వేశాడు. వంటవేళకి తాళంచెవితో వచ్చి, ఖజానా తెరిచినట్టు తెరిచి, తనకీ కూతురికీ సరిపడా చిటికెడు తీసి మళ్లీ మూసేవాడు. ఇంత చేసినా రెండోసారి తీసిన రక్తంలో క్లోరైడ్ ఇంకాస్త పెరిగింది.

"బయట కొనుక్కుని తింటోంది, అదీ సంగతి," అన్నాడు బావ.

"కావాలని అబద్ధమాడట్లేదు నాన్నా, తిన్నది మర్చిపోతోంది," అంది వాళ్ల కూతురు. ఇంట్లో అందరం పిచ్చుక అంటాం, పాతికేళ్లొచ్చినా ఆ పేరు వదల్లేదు. "నాకదే భయంగా ఉంది."

ఆ మాట అన్నాక అక్క చేతికందకుండా ఇంట్లో కత్తెరలు మాయమయ్యాయి. వచ్చే నెల నుంచి దుకాణం పక్కవీధి దర్జీకి అప్పజెప్పేద్దామని తండ్రీకూతుళ్లు మాట్లాడేసుకున్నారు. అక్క మతి మీద తీర్పు అయిపోయినట్టే. మిగిలింది దుకాణం తాళాలు అప్పగించడం ఒక్కటే.

నేనుండేది అదే ఇంటి పై వాటాలో. ముప్ఫయ్యేళ్లు నీళ్ల సరఫరా వాళ్ల ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. అలవాటు చావక, వాడకం లేని వెనక బాత్‌రూమునే ల్యాబు చేసుకున్నాను. తువ్వాలు ఆరేసుకునే కడ్డీకి బ్యూరెట్టు, అంటే చుక్కలు లెక్కగా వదిలే గాజుగొట్టం, కట్టాను. సబ్బులు పెట్టుకునే గూట్లో ఆమ్లాలు, అద్దం వెనక అరలో రంగు మార్చి చూపించే సూచికలు, బంగారం తూచే చిన్న త్రాసు ఒకటి. వీధిలో నన్ను సీసాలమ్మ అంటారని నాకు తెలుసు. అననివ్వండి. రంగు మారే క్షణం కోసం కాచుకు కూర్చోవడంలో ఉన్న సుఖం వాళ్లకేం తెలుసు?

ఒక పొద్దున్న అక్క రెయిలింగు పట్టుకుని మెల్లగా మెట్లెక్కి వచ్చింది. చేతిలో మూత బిగించిన పెద్ద జాడీ.

"ఏమే, ఊరి నీళ్లలో ఉప్పెంతుందో ఇన్నేళ్లూ తేల్చావుగా. నాలో ఎంతుందో తేల్చు," అంది. జాడీ నా బల్ల మీద పెట్టింది. లోపలేముందో అడగక్కర్లేదు. "నిన్న పొద్దుట్నుంచి ఇవాళ పొద్దుటి దాకా. ఒక్క చుక్క పోనివ్వలేదు."

"బావకి తెలుసా?"

"ఆయనకి తెలిస్తే దీన్ని కూడా బీరువాలో పెట్టి తాళమేస్తారు."

నవ్వొచ్చింది నాకు. అక్కకి కూడా రావాలి, కానీ ఆ మాట అంటూ అంటూనే కళ్లు మూతలు పడిపోయాయి. కూర్చున్న స్టూలు మీద నుంచి జారకుండా భుజం పట్టుకున్నాను. ఆ భుజం ఇదివరకెప్పుడూ అంత బరువుగా లేదు.

తిన్న ఉప్పు ఒంట్లో ఎంతో కాలం దాగదు, మూత్రంలో బయటికొస్తుంది. రోజంతటిదీ చేతికొస్తే లెక్క తేల్చడం సులువే. కొలిచి తీసుకున్న భాగాన్ని మూకుట్లో ఇంకబెట్టి, ఎండగట్టి, బూడిదయ్యేదాకా మాడ్చాలి. ఆ కంపు సంగతి వర్ణించను. కింది వాటా నుంచి పిచ్చుక, "పిన్నీ! ఏం మాడిందీ?" అని అరిచింది.

"పాలు పొంగాయే!" అన్నాను. అక్కలా కాదు, నాకు అబద్ధాలు బాగానే వచ్చు.

ఆ బూడిదని నీళ్లలో కలిపి వడకడితే తేటగా వచ్చింది. ఇక నాకు కళ్లు మూసుకుని చేసినా వచ్చే పని. సిల్వర్ నైట్రేట్ ద్రావణాన్ని మేం ల్యాబులో వెండినీళ్లు అనేవాళ్లం. ఫ్లాస్కులో రెండు చుక్కల పసుప్పచ్చ క్రోమేటు వేసి, పైనుంచి వెండినీళ్లు చుక్క చుక్కగా వదులుతాం. క్లోరైడ్ ఉన్నంతసేపూ వెండిని అదే పట్టుకుని తెల్లటి ముద్దగా కిందికి దిగుతుంది. క్లోరైడ్ అయిపోయాక వచ్చిన వెండికి దిక్కులేక క్రోమేటుతో కలుస్తుంది, అప్పుడు ఇటుక రంగు తేలుతుంది. అప్పటిదాకా ఎంత వెండి పట్టిందో చూస్తే ఎంత క్లోరైడుందో తెలిసిపోతుంది.

ఇటుక రంగు వెంటనే వచ్చేస్తుందనుకున్నాను. ఉప్పు ముట్టని మనిషి కదా. రాలేదు. బ్యూరెట్టులో ద్రావణం దిగుతూనే ఉంది, ఫ్లాస్కు తిప్పి తిప్పి చెయ్యి నొప్పి పుడుతోంది, రంగు రాదే! వచ్చేసరికి లెక్క తేలిపోయింది. ఇది ఉప్పు మానేసిన మనిషిది కాదు.

మళ్లీ చేశాను, అదే లెక్క. స్టూలు మీద గోడకి చేరగిలబడి అక్క నిద్రపోతోంది, నోరు కొంచెం తెరుచుకుని. లేచాక ఏమని చెప్పాలి? బావే నయం, కాగితం చూసి అన్నాడు. నేను నా చేతులతో చేసి మరీ అనాలి. ఏమీ తోచక, లేచి సామాను కడగడానికి కూర్చున్నాను.

ఫ్లాస్కు అడుగున అంటుకున్న వెండి ముద్ద బ్రష్షుతో పోదు. దానికి మా ల్యాబులో ఒక పద్ధతుంది. కాసిని పల్చటి అమోనియా నీళ్లు పోసి తిప్పితే, తెల్లమరక మొత్తం పంచదారలా కరిగిపోతుంది. ముప్ఫయ్యేళ్లలో ఎన్ని ఫ్లాస్కులు అలా కడిగానో. పోసి తిప్పాను. మరక పోలేదు.

పారబోసి మళ్లీ పోశాను. ఇటుక రంగు పోయింది గానీ, అడుగున పొర అలాగే ఉంది. "నీకేమొచ్చిందే!" అని ఫ్లాస్కుని తిట్టాను. అమోనియా చచ్చిపోయిందేమోనని మూత తీసి వాసన చూస్తే కళ్లమ్మట నీళ్లు కారాయి. అది నిక్షేపంలా ఉంది. ఫ్లాస్కుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో పట్టుకుని చూశాను. ఆ పొర పాల తెలుపు కాదు. మీగడ రంగు.

క్లోరైడ్‌కి ఇద్దరు చెల్లెళ్లున్నారు, బ్రోమైడూ అయొడైడూ. ముగ్గురికీ వెండి అంటే మహా పిచ్చి. కనపడిందా, పట్టేసుకుంటారు. అప్పుడు ఎవరు ఎవరో చెప్పడం కష్టం. తేడా అంతా విడదీసేటప్పుడే. క్లోరైడక్కగారిది పల్చటి అమోనియాకే కరిగిపోతుంది. నడిమిదానికి ఘాటైన అమోనియా కావాలి. చిన్నది ఏ అమోనియాకీ లొంగదు. ఇదంతా నాకు తెలియందేం కాదు. కానీ మా ల్యాబులో వెండి ఎంత పడితే అంతా క్లోరైడ్ అని రాసేసేవాళ్లం. ఊరి నీళ్లలో దానికి పోటీ వచ్చేవాళ్లెవరూ ఉండరు మరి. మా అక్కని కూడా నేను ఊరి నీళ్ల లెక్కలోనే జమకట్టాను.

ఇక చూడండి నా హుషారు! వంటా లేదు, పెంటా లేదు. మిగిలిన తేట నీళ్లలో కాసిని పక్కన ఉంచి, తక్కినవాటిలో వెండినీళ్లు పోసి, దిగిన ముద్దనంతా కడిగి, పల్చటి అమోనియాతో తడిపి వడకట్టాను. క్లోరైడ్ ఉంటే కిందికి దిగిన నీళ్లలో ఉండాలి. దాంట్లో నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేస్తే తిరిగి తెల్లగా విరగాలి. వేశాను. విరగలేదు. గాజు మీద ఊదితే పట్టే ఆవిరంత మసక, అంతే. వడపోత కాగితం మీద మిగిలిన మీగడ రంగు ముద్ద మాత్రం చెంచాడుంది. దాంట్లో కొంచెం తీసి ఘాటు అమోనియాలో వేస్తే పూర్తిగా కరిగింది. అంటే చిన్నమ్మాయి లేదు. నడిమిదే.

ఇంకో సాక్ష్యం కూడా కావాలనిపించింది. కిటికీ తెరిచి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, పక్కన ఉంచిన తేట నీళ్లలో కాస్త ఆమ్లం, కాస్త బట్టల బ్లీచు వేసి, పైన మరకలు తీసే పెట్రోలు పోసి కుదిపాను. పెట్రోలు పైకి తేలింది. అయొడైడ్ అయితే వంకాయ రంగు రావాలి. వచ్చింది నారింజ రంగు. ఎంత బావుందో! బ్రోమైడే, సందేహం లేదు. ఆ పరీక్ష గొట్టాన్ని పట్టుకుని చిన్నపిల్లలా నవ్వాను. వెనక్కి తిరిగితే అక్క కళ్లు తెరిచి నన్నే చూస్తోంది. పిల్లికి చెలగాటం, ఎలకకి ప్రాణసంకటం అన్నది నాకు అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గేసింది.

"ఏం తేలిందే?" అంది.

"ఇంకాస్త ఆగక్కా."

విడదీసిన రెండింటినీ ఆరబెట్టి తూచాను. క్లోరైడ్ ఉన్న కాగితానికి త్రాసు మీద అంకె కదిలీ కదలనట్టు కదిలింది. బ్రోమైడ్ ఉన్న కాగితానికి గబగబా పైకెక్కింది. అక్క ఉప్పు తినలేదు. తినలేదంటే తినలేదు. అది అక్కడ త్రాసు మీద కనపడుతోంది. కానీ ఉప్పు కాని ఈ ఉప్పు ఎక్కడిది?

"అక్కా, రోజూ నోట్లో పెట్టుకునేవన్నీ చెప్పు. ఒక్కటి కూడా వదలకు."

"పళ్లపొడి. నీళ్లు. టీ. అన్నం, చప్పిడి కూర. రక్తపోటు బిళ్ల. నరాల మందు."

"నరాల మందేంటి?"

"నిద్ర పట్టట్లేదని మీ బావ తెచ్చారుగా, సందు చివర మందులాయన సొంతంగా కలిపిచ్చేది. మూడు పూటలా ఆయనే పోస్తారు, గంట కొట్టినట్టు." ఆవలించింది. "ఉప్పగా ఉంటుంది."

"ఉప్పగానా?"

"తాగిన మొదటి రోజే చెప్పాను. 'ఉప్పు మానేశావుగా, నీ నాలిక దానికి మొహం వాచిపోయుంది, ఇక అన్నీ ఉప్పగానే అనిపిస్తాయి' అన్నారు. నిజమే కాబోలనుకున్నాను."

నేను మెట్లు ఎలా దిగానో, ఆ సీసా ఎలా పట్టుకొచ్చానో నాకు తెలీదు. చీటీ లేని గోధుమరంగు సీసా. నాలుగు చుక్కలు నీళ్లలో వేసి వెండినీళ్లు వదిలితే, గొట్టమంతా మీగడ రంగుతో గడ్డకట్టింది. పల్చటి అమోనియాకి చలించలేదు. పూర్వం నిద్రకి ఇచ్చింది బ్రోమైడే, ఒంట్లో పేరుకుంటే మతినే మసకబారుస్తుంది. కొలిచి చూస్తే, చెంచాడు మందులో ఉన్నది మనిషిని జోకొట్టడానికి చాలినంత. మూడు పూటలా, ఇన్నాళ్లూ!

ఉప్పు తినే మనిషికైతే అందులో చాలాభాగం బయటికి పోయేదే. ఒంటికి కావాల్సింది క్లోరైడ్. అది దొరకనప్పుడు బ్రోమైడ్‌నే పట్టుకుని కూర్చుంటుంది. కుర్చీలన్నీ ఖాళీగా ఉంటే పిలవనివాడు కూడా వచ్చి కూర్చుంటాడు, మళ్లీ లేవడు. అక్క ఎంత పట్టుదలగా ఉప్పు మానేస్తే, మందు అంత గట్టిగా ఒంట్లో పాతుకుపోయింది. బావ ఎంత జాగ్రత్తగా డబ్బాకి తాళం వేస్తే అంత.

ఆ సాయంత్రం బావనీ పిచ్చుకనీ పైకి పిలిచాను.

"ఆస్పత్రి యంత్రం అబద్ధం చెబుతుందంటావా మరదలా?" అన్నాడు బావ, గుమ్మంలోనే నిలబడి.

"అబద్ధం కాదు బావా, పొరబడింది. నేనూ పొరబడ్డాను. ఇలా రండి."

ఒక గొట్టంలో బీరువాలోంచి తెప్పించిన ఉప్పు, ఒకదాంట్లో మందు. రెండింట్లోనూ వెండినీళ్లు వేశాను. రెండూ విరిగాయి. "ఇప్పుడు చెప్పండి, ఏది ఉప్పు?" బావ జేబులోంచి గడియారాలు చూసే భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. చెప్పలేకపోయాడు. అప్పుడు రెండింట్లోనూ అమోనియా పోశాను. ఉప్పు ఉన్నది తేటగా అయిపోయింది. మందు ఉన్నది కదల్లేదు. తర్వాత అక్క తాలూకు కాగితాలు రెండూ చూపించాను. ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది.

బావ భూతద్దం తియ్యడం కూడా మర్చిపోయాడు. "నా చేత్తో పోశాను," అన్నాడు. "ఒక్క పూట కూడా తప్పనివ్వలేదు."

పిచ్చుక ఏడ్చేసింది. నాకు బావ మీద అప్పటిదాకా ఉన్న కోపం ఎక్కడికి పోయిందో తెలీదు.

మర్నాడు నలుగురం డాక్టరమ్మ దగ్గరికెళ్లాం. నా గొట్టాలూ కాగితాలూ బల్లమీద పెడితే నవ్వుతుందేమోనని భయపడ్డాను. ఆవిడ నవ్వలేదు, కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఈ క్లోరైడ్ లెక్క మిగతా లెక్కలతో పొసగట్లేదని నాకూ అనుమానంగానే ఉందండీ. మా యంత్రం బ్రోమైడ్‌ని చూసినా క్లోరైడ్ అనే చెబుతుంది. మీ ఇంటి పరీక్ష మీద మందులు మార్చను గానీ, ఆ సీసా మాత్రం ఈ క్షణం ఆపెయ్యండి." రక్తం వేరే పెద్ద ల్యాబుకి పంపించింది. జవాబు వచ్చింది. బ్రోమైడే.

"ఇప్పుడు దీనికి మందేంటండీ?" అన్నాడు బావ.

"ఉప్పు," అంది డాక్టరమ్మ. "ఉప్పు, నీళ్లు. కొన్నాళ్లు ఆస్పత్రిలోనే, మా కళ్లముందు. రక్తపోటు సంగతి తర్వాత చూద్దాం."

మా అక్క అంత మగతలోనూ లేచి కూర్చుంది. "నేను తినను. మానేశానని చెప్పాను. ఇప్పుడు తింటే, అదిగో చూశారా, ముందునుంచీ తింటూనే ఉందంటారు." తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. డాక్టరమ్మ చెప్పింది, పిచ్చుక బతిమాలింది, నేను తిట్టాను. చివరికి బావ వెళ్లి ఇంట్లోంచి ఆ డబ్బా పట్టుకొచ్చి మంచం మీద పెట్టాడు. తాళంచెవి కూడా పెట్టాడు.

"నాదే తప్పు. నువ్వు చెప్పింది వినలేదు," అన్నాడు.

అక్క ఆయన్నీ డబ్బానీ మార్చి మార్చి చూసింది. "కొలిచి మీరే ఇవ్వండి అయితే. మూడు పూటలా. గంట చూసి," అంది. డాక్టరమ్మ చెప్పిన కొలత ప్రకారం బావ అలాగే ఇచ్చాడు, ఒక్క పూట కూడా తప్పకుండా.

మబ్బు విడిపోవడానికి కొన్ని వారాలు పట్టింది. ముందు మాట తేటపడింది. తర్వాత కాళ్లు కుదురుకున్నాయి. ఆ పెద్దమనిషి కోటుకి కుడి చెయ్యి కత్తిరించి కుట్టిన రోజున పక్కవీధి దర్జీకి కబురు పంపించింది, దుకాణం ఇవ్వడం లేదని.

ఆ మర్నాడే రెయిలింగు పట్టుకోకుండా మెట్లెక్కి వచ్చింది. నేను వెండి మరకలు తోముతున్నాను. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఒకటడుగుతాను. ఆ రోజు ఆ ఫ్లాస్కు మరక వదిలిపోయుంటే ఏం చేసేదానివి?"

అబద్ధం నోటి చివరిదాకా వచ్చింది. కానీ ఆవిడ ముందు చెల్లదు.

"నమ్మేదాన్ని," అన్నాను.

"నన్నా?"

"ఫ్లాస్కుని."

అక్క కోప్పడుతుందనుకున్నాను. పడలేదు. "ఆయన యంత్రాన్ని నమ్మారు, నువ్వు సీసాని నమ్మావు. మందు ఉప్పగా ఉందని నేను మొదటి రోజే నోరు తెరిచి చెప్పాను. సీసాలు మాట్లాడితే మీకు వినపడుతుంది. నేను మాట్లాడితే వినపడదేంటే?"

గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది, అందుకే అంత నొప్పేసింది. చేతులు కడుక్కుని, కొళాయి కట్టేసి, ఇంకో స్టూలు తెచ్చుకుని ఆవిడకి ఎదురుగా కూర్చున్నాను.

"చెప్పక్కా," అన్నాను.

"ఏం చెప్పను?"

"మొదట్నుంచీ. నిద్ర ఎందుకు పట్టేది కాదో, అక్కడ్నుంచి."